ఆలస్యముగా వచ్చిన కీర్తి

నలువది యేండ్లు దాటిన స్త్రీకి క్రొత్త బ్రతుకెక్కడిదని నిరాశ చెందు సోదరీమణులకు షారన్ జోన్స్ చరిత్రమును నివేదించుచున్నాము. ఈమె 1956లో అమెరికాయందలి అగస్టా పట్టణమున జన్మించెను. నీగ్రోజాతివారి చర్చి భక్తిగీతములనుండి పెంపొందిన ‘సోల్’ గానమును చిన్ననాడే అలవఱచుకొనెను. రూపము, రంగు, వయస్సు తగవని రికార్డులవారు త్రోసిపుచ్చిరి. జీవనార్థము న్యూయార్కు రైకర్స్ ద్వీపపు చెఱసాలలో కావలి యుద్యోగము చేసెను, పెండ్లిండ్లలో పాడెను, పాటను మాత్రము విడువలేదు.

తుదకు 2002లో, నలువదియైదేండ్లు దాటిన పిమ్మట, తొలి ఆల్బము వెలువడెను. డ్యాప్ కింగ్స్ బృందముతో దేశదేశముల పాడి మెప్పు పొందెను. 2013లో క్యాన్సరు బయల్పడెను. చికిత్సచే కేశములు రాలినను, మఱుసటి యేడు కృత్రిమకేశములు ధరింపకయే వేదిక నెక్కెను. 2016లో కాలధర్మము నొందెను.

కీర్తి యామెకు పదునాలుగేండ్లే దక్కినది. విద్య జీవితమంతయు తోడుండెను. సంసారభారమున మీరు మూలనుంచిన విద్య యేదైన నున్నచో, నేడే వెలికిఁ దీయుఁడని మా మనవి.