పరుగు పందెంలో గెలుపు ఎక్కడ జారిపోతుంది?

వచ్చే నెలలో జోనల్ ఆటల పోటీలు ఉన్నాయి. అందుకని ఈసారి గోడపత్రికకు కథ రాయకుండా పరుగు పందాల గురించి రాస్తున్నాను. వేగంగా ఎట్లా ఉరకాలో నేను చెప్పను, అది పి.ఇ.టి. మేడమ్ చెప్తారు. వేగం ఉండి కూడా ఎట్లా ఓడిపోతారో చెప్తాను. ఇవన్నీ చిన్న తప్పులే. చూసినవాళ్ళు నవ్వి మర్చిపోతారు, చేసినవాళ్ళకు మాత్రం రాత్రి నిద్ర పట్టదు.

ముందు గీతల సంగతి. మన ఊళ్ళలో గీతలు లేవు. నీళ్ళకు పోయినా, ఇప్పపువ్వు ఏరడానికి పోయినా, దారి వంకరగా ఉంటే అడ్డం పడి పోతాం. అట్లా పోయినవాళ్ళే తెలివైనవాళ్ళు. గ్రౌండులో అదే తప్పు. 200, 400 మీటర్ల పరుగులో సున్నంతో గీసిన రెండు గీతల మధ్య మనకు ఇచ్చిన దారిని లేన్ అంటారు. మలుపు దగ్గర ఎడమవైపు గీత దాటి లోపల అడుగులు వేస్తే మనం ఉరికే దూరం తగ్గిపోతుంది. అందుకని అందరికన్నా ముందు వచ్చినా లెక్కలో నుంచి తీసేస్తారు.

పోయిన సంవత్సరం మన పదవ తరగతి అక్క ఒకామెకు ఇదే జరిగింది. 200 మీటర్లలో వెనక ఉన్న పిల్లకూ ఆమెకూ అయిదారు అడుగుల దూరం ఉంది. వాళ్ళ నాన్న చీకటితోనే బయలుదేరి, రోడ్డు దాకా నడిచి, ఆటో ఎక్కి వచ్చాడు. అక్క ముందు వచ్చేసరికి తువ్వాలు తీసి ఊపాడు. తరువాత మైకులో మూడు పేర్లు చదివారు, అందులో అక్క పేరు లేదు. "మా పిల్లే గదా ముందొచ్చింది?" అని ఆయన కనపడిన ప్రతి ఒక్కరినీ అడిగిండు. మలుపు దగ్గర జెండా పట్టుకున్న సారు మమ్మల్ని తీసుకుపోయి చూపించారు. గీతకు లోపల అక్క పాదాల గుర్తులు వరసగా నాలుగు ఉన్నాయి. ఆయనకు కోయ భాషలో విడమరిచి చెప్పింది నేనే. అంతా విని, "దగ్గరి దారే గదా" అన్నాడు. ఇంకేమీ అనలేదు. అక్క పదవ తరగతి అయిపోయి వెళ్ళిపోయింది. మన స్కూలు తరఫున ఉరికే అవకాశం మళ్ళీ రాలేదు.

ఇది మనకు మాత్రమే జరిగేది కాదు. 1986లో సియోల్ ఆసియా క్రీడల్లో మన దేశపు షైనీ అబ్రహాం 800 మీటర్లలో మొదటి స్థానంలో వచ్చారు. తరువాత ఆమె షైనీ విల్సన్ అయ్యారు. 800 పరుగులో మొదటి మలుపు అయ్యేదాకా ఎవరి లేన్‌లో వాళ్ళే ఉండాలి. అక్కడ ఒక గీత ఉంటుంది, అది దాటినాకనే లోపలికి రావాలి. ఆమె అంతకు ముందే లోపలికి వచ్చారు. బంగారు పతకం పోయింది. అంత పెద్ద క్రీడాకారిణికే అట్లా అయింది కాబట్టి మన అక్కను చూసి ఎవరూ నవ్వకూడదని నా అభిప్రాయం. మలుపులో పాదాల వంక చూడకుండా పది మీటర్ల ముందు గీతను చూస్తూ ఉరకమని మేడమ్ చెప్పారు. నేను చేసి చూశాను, నిజంగానే కాలు గీత మీదికి పోదు.

రెండవది బయలుదేరడం. "సెట్" అన్నాక విజిల్ కన్నా ముందు కదిలితే తప్పు. 2010 నుంచి పెద్ద పోటీల్లో ఒక్కసారి అట్లా చేసినా బయటికి పంపిస్తారు. 2011లో దక్షిణ కొరియాలోని దేగులో ఉసేన్ బోల్ట్‌నే పంపించారు. అప్పటికి ఆయన కన్నా వేగంగా ఉరికిన మనిషి భూమి మీద లేడు, అయినా ఆ రోజు 100 మీటర్ల ఫైనల్ ఉరకకుండానే ఓడిపోయాడు. మన పోటీల్లో కొందరు సార్లు ఒకసారి హెచ్చరించి వదిలిపెడతారు. దాన్ని నమ్ముకోవద్దు.

పక్క పిల్లను చూసి కదలడం ఇంకో ప్రమాదం. మన విశాఖపట్నం అక్క జ్యోతి యర్రాజి విషయంలో 2023లో చైనాలో, హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఏం జరిగిందో చూడండి. 100 మీటర్ల హర్డిల్స్‌లో చైనా అమ్మాయి ముందే లేచింది, ఆ వెంటనే జ్యోతి కూడా కదిలింది. మొదట ఇద్దరినీ తీసేస్తామన్నారు. జ్యోతి వెళ్ళిపోలేదు, అక్కడే నిలబడి తన మాట చెప్పింది. చివరికి ఇద్దరినీ ఉరకనిచ్చారు. జ్యోతి 12.91 సెకన్లలో మూడవ స్థానంలో వచ్చింది. తరువాత చైనా అమ్మాయి రెండవ స్థానం రద్దు చేసి జ్యోతికి వెండి పతకం ఇచ్చారు. కానీ అక్కడ వీడియో ఉంది. మన దగ్గర సారు కన్ను ఒక్కటే ఉంటుంది. కాబట్టి కన్ను పక్కకు పోనీయకుండా చెవితో వినండి.

చివరి గీత దగ్గర మనవాళ్ళు చేసేది చూస్తే నాకు కోపం వస్తుంది. రిబ్బన్ కనపడగానే నెమ్మది అవుతారు, లేకపోతే దాన్ని పట్టుకోవడానికి చెయ్యి చాపుతారు. చెయ్యి, తల, కాలు ఏవీ లెక్కలోకి రావు. ఛాతీ భాగం గీతను ఎప్పుడు దాటిందో అదే లెక్క. 1984లో లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో పి.టి. ఉషగారు 400 మీటర్ల హర్డిల్స్‌లో 55.42 సెకన్లకు వచ్చారు. మూడవ స్థానం ఆమెది 55.41. సెకనులో వందో వంతు! చివర్లో ఛాతీ ముందుకు వంచి ఉంటే కంచు పతకం వచ్చేదని ఇప్పటికీ అంటారు. గీతకు అవతల అయిదడుగుల దూరంలో ఏదైనా గుర్తు పెట్టుకుని అక్కడిదాకా ఉరకండి.

ముందే సంబరపడేవాళ్ళు కూడా ఉంటారు. 2014లో యూరప్ పోటీల్లో మెఖిస్సీ అనే ఫ్రాన్స్ ఆయన 3000 మీటర్ల స్టీపుల్‌చేజ్‌లో గీత ఇంకా దాటకుండానే బనియన్ విప్పి పళ్ళతో పట్టుకుని ఉరికాడు. మొదట వచ్చాడు, పతకం మాత్రం పోయింది. ఇది చెప్తే ఏడవ తరగతి వాళ్ళు అరగంట నవ్వారు.

ఇంక రిలే. ఇందులో నేను మూడవదాన్ని కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను. 4×100లో కర్ర మార్చుకోవడానికి 30 మీటర్ల చోటు గీస్తారు. కర్ర ఆ చోటు లోపలే చేతులు మారాలి. మన కాళ్ళు ఎక్కడున్నాయో చూడరు, కర్ర ఎక్కడుందో చూస్తారు. 2016 రియో ఒలింపిక్స్‌లో అమెరికా మగవాళ్ళు మూడవ స్థానంలో వచ్చి జెండాలతో తిరుగుతుంటే, మొదటి మార్పులో కర్రను ఆ చోటికి ముందే ముట్టుకున్నారని తీసేశారు. ఆ పతకం కెనడాకు ఇచ్చారు.

అవే ఒలింపిక్స్‌లో అమెరికా ఆడవాళ్ళకు మొదటి రౌండులో పక్క లేన్ ఆమె తగిలి కర్ర కింద పడింది. అందరూ వెళ్ళిపోయారు. అయినా వాళ్ళు కర్ర తీసుకుని పరుగు పూర్తి చేసి, తరువాత ఫిర్యాదు చేశారు. వాళ్ళను ఒక్కరినే మళ్ళీ ఉరికించారు. ఫైనల్‌కు వెళ్ళి 41.01 సెకన్లలో బంగారు పతకం గెలిచారు. కర్ర పడితే పడేసిన మనిషే తీయాలి, రెండవ మనిషి తీయకూడదు. తీసుకోవడానికి లేన్ బయటికి పోవచ్చు, కానీ దూరం తగ్గకూడదు, ఇంకొకరికి అడ్డం పోకూడదు. కర్ర ఇచ్చేశాక కూడా వెంటనే పక్కకు నడవద్దు, వెనక వచ్చేవాళ్ళు పోయేదాకా మన లేన్‌లోనే నిలబడాలి.

బూట్లు లేవని కొందరు చెల్లెళ్ళు పేర్లు ఇవ్వలేదట. వట్టి కాళ్ళతో ఉరకవచ్చు, నియమాల్లో ఉంది. పోటీ రోజు అరువు బూట్లు తొడుక్కుని బొబ్బలు తెచ్చుకోవడం కన్నా అదే నయం. పొద్దున పులిహోర బాగుందని రెండోసారి వడ్డించుకోవద్దు, ఉరకడానికి రెండు మూడు గంటల ముందే తినేయండి. మీ పేరు పిలిచే టైముకు ఎక్కడికి పోయినా ఒకరికి చెప్పి పోండి.

వార్డెన్ మేడమ్‌కు ఒక మనవి. పోటీలు అయ్యేదాకా సాయంత్రం స్టడీ అవర్ అరగంట ఆలస్యంగా పెడితే, బోరింగు నుంచి వేపచెట్టు దాకా సున్నంతో మలుపు గీసుకుని ప్రాక్టీసు చేసుకుంటాం. ఆ అరగంట రాత్రి భోజనం తరువాత చదువుతాం. రిలేకు ఇప్పుడు వెదురు ముక్క వాడుతున్నాం, అది సరిపోతుంది.

చెస్ట్ నంబరుకు ఒక్కొక్కరికి నాలుగు పిన్నీసులు కావాలి. పోయినసారి రెండే పెడితే నంబరు గాలికి లేచి మొహం మీదికి వచ్చింది. ఎవరి దగ్గర ఉన్నా శనివారం లోపల నాకు ఇవ్వండి. పేర్లు రాసుకుంటాను, లెక్క ప్రకారం తిరిగి ఇచ్చేస్తాను.

— 9వ తరగతి విద్యార్థిని