కానరాని పాఠకుని కొరకు
భారతీయ భాషల వెబ్‌సైట్ల నిర్వహణలో పరిహరించవలసిన పొరపాట్లు

మన దేశంలో సామాన్య ప్రజలకు ఇంటర్నెట్ సౌకర్యం 1995 ఆగస్టు 15న అందుబాటులోకి వచ్చింది. అంతకు పూర్వం ఒక పాఠశాల తన వార్షిక సంచికను నలుగురికి అందించాలన్నా, ఒక గ్రామ గ్రంథాలయం తన పుస్తకాల పట్టికను ప్రకటించాలన్నా అచ్చుకూటం గడప తొక్కవలసి ఉండేది. కాగితం, సిరా, తపాలా ఖర్చు సమకూరితేగాని అక్షరం ఊరి పొలిమేర దాటేది కాదు. ఈనాడు అదే సంచిక వెబ్‌సైటుగా రూపొందితే శ్రీకాకుళంలోనే గాక ఖరగ్‌పూర్‌లోను, షోలాపూర్‌లోను, మారిషస్‌లోను ఉన్న తెలుగువారు ఒకే సమయంలో దానిని చదువుకోగలరు.

అయితే అచ్చుకూటంలో పనిని పంచుకొనేవారు పలువురు ఉండేవారు. అక్షరాలు కూర్చేవాడు ఒకడు, ప్రూఫులు దిద్దేవాడు మరొకడు. అందరి పైన సంపాదకుడు. ఒకరి కన్ను తప్పించుకున్న దోషం మరొకరి కంట పడేది. వెబ్‌సైటు విషయంలో ఈ బాధ్యతలన్నీ తరచు ఒక్క వ్యక్తి మీదనే పడుతున్నాయి. పైగా ఇక్కడ తప్పును ఎప్పుడైనా దిద్దుకోవచ్చు. ఆ సౌలభ్యమే “తరువాత చూద్దాం” అనే అలసత్వానికి దారి తీస్తున్నది.

వెబ్‌సైట్ల నిర్వహణలో జరిగే పొరపాట్లు అనేకంగా కనిపించినా, వాటిలో అధిక భాగానికి మూలం ఒక్కటే: పాఠకుడు మన ఎదుట లేడన్న సంగతిని మరచిపోవడం. ఆ పాఠకుడు వాడే యంత్రం వేరు కావచ్చు. అతడు చూపు లేనివాడు కావచ్చు. అతని మాతృభాష మరొకటి కావచ్చు. అతడు నేడు గాక పదేళ్ల తరువాత రావచ్చు. ఈ కానరాని పాఠకుని దృష్టిలో ఉంచుకొని పరిశీలిస్తే ఏది పొరపాటో సులభంగా బోధపడుతుంది.

అక్షరమా, అక్షరపు బొమ్మా?

కంప్యూటరు అక్షరాన్ని అక్షరంగా ఎరుగదు. దానికి తెలిసినది సంఖ్య మాత్రమే. ఏ సంఖ్య ఏ అక్షరానికి గుర్తు అన్న విషయంలో వ్రాసేవారికి, చదివేవారికి ఒడంబడిక ఉండాలి. 1990ల చివరి సంవత్సరాలలో తెలుగు పత్రికలు ఇంటర్నెట్‌లోకి ప్రవేశించినప్పుడు ఇటువంటి ఒడంబడిక ఆచరణలో లేకపోయింది. రోమన్ అక్షరాలకు కేటాయించిన సంఖ్యల మీదనే ఎవరికి వారు తెలుగు అక్షరాల ఆకృతులను అమర్చుకొని ప్రత్యేకమైన ఫాంటులను తయారు చేసుకున్నారు. ఆ ఫాంటు ఉన్నవారికి పుట తెలుగులో కనిపించేది. లేనివారికి అర్థం లేని రోమన్ అక్షరాల వరుస కనిపించేది. ఒక ఫాంటులోని పాఠాన్ని మరొక ఫాంటులోకి మార్చడానికి ‘పద్మ’ వంటి సాధనాలను భాషాభిమానులు రూపొందించవలసి వచ్చింది.

ఈ చిక్కుకు పరిష్కారం మన లిపుల స్వభావంలోనే ఉన్నది. దేవనాగరి, బెంగాలీ, గురుముఖి, గుజరాతీ, ఒడియా, తమిళం, తెలుగు, కన్నడం, మలయాళం లిపులు తొమ్మిదీ బ్రాహ్మీ లిపి సంతతికి చెందినవే. ఆకారాలు వేరైనా వర్ణక్రమం దాదాపు ఒక్కటే. ఈ ఏకత్వాన్ని ఆధారం చేసుకొని రూపొందిన ‘ఇస్కీ’ సంకేత పద్ధతిని భారతీయ ప్రమాణాల సంస్థ 1991లో ప్రమాణంగా స్వీకరించింది. అదే సంవత్సరం వెలువడిన అంతర్జాతీయ ‘యూనికోడ్’ ప్రమాణం కూడా మన లిపుల అమరికకు ఇస్కీనే ఆధారంగా తీసుకున్నది. యూనికోడ్‌లో ఈ తొమ్మిది లిపులకూ తలా 128 స్థానాలు గల ఒక్కొక్క గది కేటాయించబడింది. ఏ గదిలో చూచినా మొదటి నుండి లెక్కించగా 22వ స్థానంలో ఉండేది ‘క’ అక్షరమే. ‘ఇన్‌స్క్రిప్ట్’ అనే కీబోర్డు అమరికకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. తెలుగులో ‘క’ కోసం నొక్కే మీటనే హిందీలోను, బెంగాలీలోను ‘క’ కోసం నొక్కాలి. ఒక భాషలో టైపు చేయడం నేర్చినవాడు మరొక భారతీయ భాషలో టైపు చేయడానికి సగం సిద్ధమైనట్లే.

2001లో విడుదలైన విండోస్ ఎక్స్‌పీతో యూనికోడ్ తెలుగు సామాన్యుల కంప్యూటర్లకు చేరువైంది. 2003లో ప్రారంభమైన తెలుగు వికీపీడియా వంటి బృహత్ప్రయత్నాలు ఈ పునాది మీదనే ఎదిగాయి.

అయినప్పటికీ పాత అలవాటు పూర్తిగా తొలగిపోలేదు. అచ్చు కొరకు పాత ఫాంటులో కూర్చిన పాఠాన్ని వెబ్‌సైటులోకి ఎక్కించబోతే అక్షరాలు చెదిరిపోతాయి. అప్పుడు చాలామంది అనుసరించే దగ్గర దారి, ఆ పుటను బొమ్మగా తీసి పెట్టడం. చూసేవారికి అది తెలుగుగానే కనిపిస్తుంది. కాని అది అక్షరం కాదు, అక్షరపు బొమ్మ. వెదికేవారికి అందులోని మాట నేరుగా దొరకదు. చూపు లేనివారి కొరకు పాఠాన్ని చదివి వినిపించే సాధనానికి అది మూగ కాగితం. చిన్న ఫోనులో దానిని పెద్దది చేసుకుంటే పంక్తి తెర అంచు దాటిపోతుంది. ఎంతో శ్రమించి సేకరించిన స్థానిక చరిత్ర ఈ విధంగా ఉండీ లేనిదవుతున్నది. కాబట్టి పాఠాన్ని యూనికోడ్‌లో ఉంచడం, ప్రాచీన ప్రతి వంటి దానిని బొమ్మగానే చూపవలసి వస్తే దాని ప్రక్కనే పాఠాన్ని కూడా వ్రాసి పెట్టడం తప్పనిసరి.

కంటికి అందని తేడాలు

యూనికోడ్‌లో వ్రాసినంత మాత్రాన అన్ని దోషాలూ తొలగిపోవు. తెలుగులో సున్న అని పిలిచే అనుస్వారం, అంకెలలోని తెలుగు సున్న చూపుకు ఇంచుమించు ఒకటే. కంప్యూటరు దృష్టిలో అవి రెండు వేర్వేరు సంఖ్యలు. ‘గ్రంథాలయం’ అన్న మాటలో అనుస్వారానికి బదులు అంకె పడితే మానవ నేత్రం పసిగట్టదు. కాని ఆ మాట కొరకు వెదికేవారికి ఆ పుట ఎదురుపడకపోవచ్చు. ‘సాఫ్ట్‌వేర్’ వంటి పరభాషా పదాలలో పొల్లును, దాని తరువాతి హల్లును విడదీయడానికి కంటికి కనిపించని ఒక గుర్తును వాడుతారు. అది లేకపోతే రెండు హల్లులూ కలిసి ఒత్తుగా మారి మాట ‘సాఫ్ట్వేర్’ అవుతుంది. ఒకే వెబ్‌సైటులో ఒక పుటలో ఒక విధంగా, మరొక పుటలో మరొక విధంగా వ్రాస్తే వెదుకులాట వృథా అవుతుంది. తరచు వచ్చే పేర్లకు, పదాలకు ఒక వర్ణక్రమ పట్టికను ముందే నిర్ణయించుకోవడం పత్రికా కార్యాలయాలలోని పాత పద్ధతి. అది ఇక్కడా అంతే ఉపయుక్తం.

మాట ఒకటే, అర్థం వేరు

అనేక భాషలలో నడిచే వెబ్‌సైట్లకు అనువాదం ప్రాణం వంటిది. ఈనాడు యంత్రానువాదం ఎంతో అభివృద్ధి చెందింది. కేంద్ర ప్రభుత్వం 2022లో ‘భాషిణి’ పేరిట ఈ దిశలో ఒక వేదికను కూడా ప్రారంభించింది. యంత్రం సహాయాన్ని స్వీకరించడం దోషం కాదు. దాని అనువాదాన్ని ఆ భాష తెలిసిన మనిషి చదవకుండానే ప్రకటించడం దోషం.

భారతీయ భాషల మధ్య సంస్కృత పదసంపద గొప్ప వంతెన. కాని ఆ వంతెన మీద కొన్ని జారుడు పలకలు ఉన్నాయి. హిందీలో ‘శిక్షా’ అంటే చదువు. తెలుగులో ‘శిక్ష’ అంటే దండన. ‘శిక్షా విభాగ్’ అన్నదానిని ‘శిక్షా విభాగం’ అని వ్రాస్తే విద్యార్థులు బెదిరిపోవలసిందే. హిందీ ‘ఉపన్యాస్’ నవల. తెలుగు ఉపన్యాసం వేదిక మీది ప్రసంగం. హిందీ ‘అవసర్’ అవకాశం. తెలుగులో అవసరం అక్కర. హిందీలో ‘ఆగ్రహ్’ అంటే పట్టుపట్టి చేసే విన్నపం. తెలుగులో ఆగ్రహం కోపం. ప్రజలకు చేసిన విన్నపం ఆ విధంగా ప్రజలపై కోపంగా మారిపోగలదు.

హిందీలో ‘కల్’ అన్న మాట నిన్నకూ, రేపటికీ ఒక్కటే. వాక్యంలోని క్రియను బట్టి అర్థం తేలుతుంది. కాని “కల్ కీ బైఠక్” అని క్రియ లేని శీర్షిక మాత్రమే ఉన్నప్పుడు సమావేశం జరిగిపోయిందో, జరగబోతున్నదో సందర్భం తెలిసిన మనిషే చెప్పాలి. అదే విధంగా హిందీ ‘హమ్’కు తెలుగులో ‘మేము’ అని, ‘మనము’ అని రెండు రూపాలు ఉన్నాయి. ‘మేము’ అన్నప్పుడు పాఠకుడు గడప బయట నిలబడతాడు. ‘మనము’ అన్నప్పుడు లోపలికి వస్తాడు. ఏకవాక్యంలో జరిగే ఈ చిన్న ఎంపిక ఒక ప్రజాసంస్థ తన పాఠకుని తనవానిగా భావిస్తున్నదో లేదో తెలియజేస్తుంది.

మరొక లోపం ఇంతకంటె హానికరమైనది. ఒక భాషలోని పుటను సవరించి, తక్కిన భాషల పుటలను పాతవిగానే వదిలివేయడం కొన్ని చోట్ల జరుగుతున్నది. విద్యార్థి వేతనానికి దరఖాస్తు గడువును హిందీ పుటలో మార్చి తెలుగు పుటలో మార్చకపోతే, మాతృభాషను నమ్ముకొన్న విద్యార్థే నష్టపోతాడు. అన్ని భాషలలోను ఒకేసారి సవరించలేనప్పుడు, ఏ పుట ఏ తేదీ వరకు సరియైనదో స్పష్టంగా తెలపడం కనీస ధర్మం.

తేదీ లేని ప్రకటన, మారిన చిరునామా

“వచ్చే సోమవారం సభ జరుగుతుంది” అన్న ప్రకటన కింద తేదీ లేకపోతే ఆ సోమవారం ఎన్నటికీ రాదు. ప్రతి వ్యాసానికి ప్రచురించిన తేదీ, సవరించిన తేదీ విడివిడిగా ఉండాలి. పొరపాటును దిద్దినప్పుడు గుట్టుగా మార్చడం కన్న, ఏమి దిద్దినదీ ఒక వాక్యంలో తెలపడం విశ్వాసాన్ని పెంచుతుంది.

వెబ్‌సైటును క్రొత్తగా అలంకరించే ఉత్సాహంలో పుటల చిరునామాలను మార్చివేయడం మరొక సామాన్య దోషం. వెబ్ సృష్టికర్త టిమ్ బెర్నర్స్-లీ 1998లోనే దీనిని గురించి హెచ్చరిస్తూ వ్యాసం వ్రాశాడు. ఏదో ఒక కళాశాల విద్యార్థి తన సిద్ధాంత వ్యాసంలో ఉదహరించిన చిరునామా మరునాటికి ఖాళీగా కనిపిస్తే అతని ఆధారమే కూలిపోతుంది. పాత చిరునామాకు వచ్చినవారిని క్రొత్తదానికి తీసుకొని పోయే ఏర్పాటు కష్టమైనది కాదు. వెబ్‌సైటు పేరుకు గడువు తీరకముందే రుసుము చెల్లించడం కూడా ఈ కోవలోనిదే. అది మరచిపోతే ఆ పేరును ఇతరులెవరైనా కొనుక్కొని దాని వెనుక దేనినైనా పెట్టుకోవచ్చు.

పరుల స్థలంలో కట్టిన ఇల్లు

ఉచితంగా లభించే వేదికల మీద వ్రాయడం తప్పు కాదు. కాని ఆ స్థలం మనది కాదు. జియోసిటీస్ అనేక దేశాలలో 2009లో మూతపడింది. మన దేశంలో విశేషాదరణ పొందిన ఆర్కుట్ 2014లో, గూగుల్ ప్లస్ 2019లో, యాహూ గ్రూపులు 2020లో కనుమరుగయ్యాయి. సొంత ప్రతి దాచుకోనివారు తమ ఏళ్ల తరబడి వ్రాతలను వాటితోపాటే పోగొట్టుకునే ప్రమాదం ఏర్పడింది. తాళపత్రాన్ని చెద తినకముందే మరొక ప్రతి వ్రాయించే సంప్రదాయం మన పూర్వులకు ఉండేది. వెబ్‌సైటుకు కూడా కనీసం రెండు వేర్వేరు చోట్ల ప్రతులు ఉండాలి. ఆ ప్రతి తెరుచుకొని చదవడానికి వస్తున్నదో లేదో అప్పుడప్పుడు పరీక్షించాలి.

ఎవరి సొత్తు, ఎవరి గుట్టు

ఇంటర్నెట్‌లో దొరికినదంతా ఉచితం కాదు. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం సామాన్యంగా ఒక రచనపై హక్కు రచయిత జీవితకాలంతోపాటు, మరణించిన మరుసటి సంవత్సరం నుండి 60 ఏళ్లు ఉంటుంది. రచయిత పేరు పేర్కొన్నంత మాత్రాన అనుమతి పొందినట్లు కాదు.

పాఠశాలల వెబ్‌సైట్లలో పిల్లల ఛాయాచిత్రాలు, ఇంటి చిరునామాలు, ఫోను నెంబర్లు గర్వంగా ప్రకటించడం మరింత ఆలోచించవలసిన విషయం. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, 18 ఏళ్లు నిండనివారి సమాచారం విషయంలో తల్లిదండ్రుల సమ్మతిని నిర్దేశించింది. బహుమతి పొందిన బాలికను అభినందించడానికి ఆమె పేరు చాలు. ఆమె ఇంటికి దారి చెప్పనక్కరలేదు.

అందరికీ తెరచిన తలుపు

గ్రామాలలో అనేకులు వెబ్‌సైట్లను చూసేది చిన్న ఫోనులోనే. కార్యాలయంలోని పెద్ద తెర మీద అందంగా అమరిన బరువైన చిత్రాలు అక్కడ తెరుచుకొనే లోపల పాఠకుని ఓర్పు నశిస్తుంది. చిత్రానికి ప్రక్కన అది దేని చిత్రమో ఒక వాక్యంలో వ్రాస్తే చూపు లేనివారికి కూడా ఆ పుట అందుతుంది. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. ప్రభుత్వ వెబ్‌సైట్ల కొరకు 2009లో రూపొందించి, 2018లోను, 2023లోను సవరించిన మార్గదర్శక సూత్రాలు కూడా ఈ సౌలభ్యాన్ని కోరుతున్నాయి. అవి ప్రభుత్వ కార్యాలయాలకు ఉద్దేశించినవే అయినా ఏ పాఠశాలకైనా, ఏ సంఘానికైనా మంచి కరదీపికలు.

గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్. ఆర్. రంగనాథన్ 1931లో మద్రాసు నుండి ప్రకటించిన అయిదు సూత్రాలు గ్రంథాలయాలకు పరిచితమైనవే. పుస్తకం దాచడానికి గాక వాడడానికే అన్న భావం, పాఠకుని సమయాన్ని వృథా చేయరాదన్న భావం, గ్రంథాలయం నిత్యం పెరిగే జీవి అన్న భావం వాటిలో ఉన్నాయి. కంప్యూటరు ఇంకా వాడుకలోకి రాని ఆ రోజులలో చెప్పిన ఆ సూత్రాలు వెబ్‌సైటుకు అక్షరాలా వర్తిస్తాయి. యంత్రాలు మారుతాయి, ఫాంటులు మారుతాయి. దూరాన, మరొక రాష్ట్రంలో, మరొక తరంలో కూర్చొని ఒక మాట కొరకు వెదికే పాఠకుడు మాత్రం ఎప్పుడూ ఉంటాడు. అతనికి ఆ మాట సరిగా అందేటట్లు చూడడమే నిర్వాహకుని మొదటి కర్తవ్యం.