డిఫరెన్షియల్ కింద ఎన్ని మిల్లీమీటర్లు?

మారుతి జిమ్నీకి కంపెనీ చెప్పే గ్రౌండ్ క్లియరెన్స్ 210 మిల్లీమీటర్లు. 2020లో వచ్చిన మహీంద్రా థార్‌కి 226. రెండో ప్రపంచ యుద్ధంలో తిరిగిన విల్లీస్ జీపుకి ఎనిమిది ముప్పావు అంగుళాలు, అంటే సుమారు 222. ఎనభై ఏళ్లలో ఇంజను, గేర్లు, సీట్లు అన్నీ మారిపోయినా బండి పొట్టకీ నేలకీ మధ్య జాగా మాత్రం జానెడు దగ్గరే ఆగిపోయింది. అందులోంచి ఎంత వదులుకుని డిఫరెన్షియల్ కింద గార్డు బిగించుకోవాలన్నదే అసలు లెక్క. ప్లేటు మందం చూసి మురిసిపోయే ముందు ఈ లెక్క వేసుకోవాలి.

ముందుగా బండి కింద దూరి చూడాలి. జిమ్నీకి ముందూ వెనకా ఒకే కడ్డీలాంటి గట్టి యాక్సిల్ ఉంటుంది. మెకానిక్కులు హౌసింగ్ అని పిలిచే ఆ ఇనప గొట్టం మధ్యలో ఉబ్బుగా కనిపించేదే డిఫరెన్షియల్, అంటే క్రౌన్, పినియన్ ఉండే చోటు. జిమ్నీలో ఆ ఉబ్బు నడిమధ్యన కాకుండా ఒక పక్కకు జరిగి ఉంటుంది. అది ఏ పక్కనో తెలిసిన డ్రైవరు రాయిని రెండో పక్కనుంచి దాటించగలడు. ఆ గార్డుకు పైసా ఖర్చు లేదు. థార్‌కి వెనక గట్టి యాక్సిలే కానీ ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్. ముందు డిఫరెన్షియల్ చక్రాలతో కలిసి కిందామీదా ఆడదు, ఛాసిస్‌కి బిగించి ఉంటుంది. అందుకే ముందు ప్లేటును ఛాసిస్‌కి కట్టాలి, వెనక గార్డును యాక్సిల్‌కే కట్టాలి. రెంటికీ ఒకే రకం ప్లేటు కుదరదు.

చాలామంది స్ప్రింగులు మార్చి బండి ఎత్తు 50 మి.మీ. పెంచుకుంటారు. బాడీ లేస్తుంది, ఛాసిస్ లేస్తుంది, గట్టి యాక్సిల్ మాత్రం చక్రాల మధ్యే ఉండిపోతుంది. డిఫరెన్షియల్ కింద పెరిగేది సున్నా. దాన్ని పైకి లేపగలిగేది టైరు ఒక్కటే, అదీ పెరిగిన వ్యాసంలో సగమే. జిమ్నీ 195/80 ఆర్15 టైరు వ్యాసం 693 మి.మీ. దాన్ని 215/75 ఆర్15కి మారిస్తే 703 అవుతుంది. పెరిగిన పదిలో యాక్సిల్‌కి దక్కేది 5. ఇప్పుడు 4 మి.మీ. ప్లేటు తీసుకుని, నొక్కుకుపోయినా హౌసింగ్‌కి తగలకుండా 10 మి.మీ. ఖాళీ వదిలి బిగించండి. 14 పోయాయి, పాత టైర్లతోనే ఉంటే 210 కాస్తా 196 అవుతుంది. బోల్టు తలలు బయటికి ఉంటే మరో 6. అప్పుడు కొత్త టైర్లు తెచ్చిపెట్టినదానికి నాలుగింతలు గార్డు తినేసినట్టే.

అందుకే ఏ దారిలో తిరుగుతారన్నది తేలాలి. రాజమండ్రి నుంచి మారేడుమిల్లి సుమారు 85 కిలోమీటర్లు, అక్కడివరకూ ఏ కారైనా వెళ్తుంది. గుడిస కొండ మీదికి ఎక్కే దారిలో మాత్రం రాళ్లు తేలి ఉంటాయి, వాన నీరు కోసిన గాడులు ఉంటాయి. డెల్టాలో రాయి కనబడదు, ఉండేవన్నీ పుంతలే. ట్రాక్టర్లు తిరిగి తిరిగి చక్రాల జాడ దిగిపోయి నడుమ మట్టిగట్టు మిగులుతుంది. జాడ లోతు 210 దాటితే జిమ్నీ హౌసింగ్ ఆ గట్టు మీదే ఈడ్చుకుంటూ పోతుంది. అక్కడ గార్డు కాపాడవలసినంత దెబ్బేమీ తగలదు. మొన నిటారుగా ఉన్న ప్లేటైతే నాగలిలా మట్టిని తవ్వుకుంటూ బండిని ఆపేస్తుంది కూడా. ముందంచు 45 డిగ్రీలకన్నా వాలుగా ఉంటేనే జారుతుంది.

ఇక ఇనుమా, అల్యూమినియమా? 300 × 400 మి.మీ. ముక్క తీసుకుందాం. 4 మి.మీ. ఎం.ఎస్. ప్లేటు 3.8 కిలోలు, 6 మి.మీ. అయితే 5.7 కిలోలు తూగుతుంది. అల్యూమినియం 6 మి.మీ.ది 1.9 కిలోలే. మందం రెట్టింపైతే వంగకుండా నిలిచే బిగువు ఎనిమిది రెట్లవుతుంది కాబట్టి 6 మి.మీ. అల్యూమినియం దాదాపు 4 మి.మీ. ఇనుముతో సమంగా నిలుస్తుంది, సగం బరువుతో. కాగితం మీద అల్యూమినియందే గెలుపు. అయినా నేను 4 మి.మీ. ఇనుమే చెబుతాను. రాయి మీద ఇనుము జారుతుంది, మెత్తటి అల్యూమినియం గీసుకుపోయి పట్టేస్తుంది. ఉప్పాడ తీరం రోడ్డులోనో అంతర్వేది వైపో తిరిగే బండికి ఉప్పు తేమ తప్పదు. ఇనప బోల్టు బిగించిన చోట ఆ తేమ అల్యూమినియాన్ని తినేస్తుంది. పైగా ఇనుము వంగితే ఏ షెడ్డులోనైనా వేడిచేసి సుత్తితో సరిచేస్తారు.

6 మి.మీ. ఎందుకు వద్దంటున్నానో వేగం లెక్క చెబుతుంది. నలుగురు కూర్చున్న జిమ్నీ సుమారు 1,500 కిలోలు. గంటకు 5 కిలోమీటర్ల నడక వేగంలో దాని చలన శక్తి సుమారు 1,450 జౌళ్లు, 20 కిలోమీటర్ల వేగంలో 23,000. పదహారు రెట్లు. అదంతా ప్లేటు మీదే పడకపోయినా నిష్పత్తి మాత్రం మారదు. 4 మి.మీ. తీసి 6 వేస్తే బిగువు మూడున్నర రెట్ల లోపే పెరుగుతుంది. కాలు కాస్త వెనక్కి తీస్తే దొరికేది అంతకన్నా చాలా ఎక్కువ. గార్డు ఉన్నది రాయి మీద జారడానికి, రాయిని గుద్దడానికి కాదు.

డెల్టాలో నాకు అన్నిటికన్నా భయం బురదా, గడ్డీ. ప్లేటుకీ హౌసింగ్‌కీ మధ్య 50 మి.మీ. ఖాళీ వదిలితే అందులో ఆరు లీటర్ల జాగా ఉంటుంది. తడి ఒండ్రు మట్టి లీటరు 1.8 కిలోల లెక్కన పదకొండు కిలోలు. ప్లేటుకు మూడింతల బరువు మట్టి యాక్సిల్‌కి వేలాడుతూ, తడిని పట్టుకుని లోపల్నుంచి తుప్పు పట్టిస్తుంది. 10 మి.మీ. ఖాళీ అయితే ఆ మట్టి సుమారు రెండు కిలోలే. అందుకే హౌసింగ్ ఒంపుకి దగ్గరగా కూర్చునే గార్డే కావాలి. పక్కలు తెరిచి ఉండాలి, కింద నీటిగొట్టం పెట్టి కడగడానికి రంధ్రాలుండాలి. సార్వా కోతలప్పుడు రోడ్ల మీద పరిచిన గడ్డి మీదుగా వెళ్తే అది జాయింట్ రాడ్డుకి చుట్టుకుంటుంది, ప్లేటు మీద చేరుతుంది. పక్కనే సైలెన్సర్ గొట్టం కాలుతుంటుంది. గడ్డి దాటగానే బండి ఆపి కిందికి చూసి పీకేయాల్సిందే.

బిగింపు విషయంలో ఒకే మాట: హౌసింగ్‌కి నేరుగా వెల్డింగ్ చేయించొద్దు. ఆ వేడికి గొట్టం వంకరపోతుంది, ఆయిల్ సీళ్లు మాడతాయి. యూ-క్లాంపులతో గొట్టానికి పట్టించి, తల ప్లేటులోకి దిగిపోయే కౌంటర్‌సంక్ బోల్టులు వాడించండి. డ్రెయిన్ ప్లగ్గుకి ఎదురుగా రంధ్రం లేకపోతే ఆయిల్ మార్చిన ప్రతిసారీ గార్డు విప్పాలి. వెనక యాక్సిల్‌కి ముందుకు వెళ్లేటప్పుడు దెబ్బ తినేది పినియన్ వైపు కింది అంచు. వెనక్కి తీసేటప్పుడు వెనక రేకు. ఆ రేకు పలచగా ఉండే బండ్లకు అక్కడ చిన్న ఉంగరం లాంటి గార్డు చాలు, పెద్ద పళ్లెం అక్కర్లేదు.

పుంతల్లోనే తిరిగి, ఏడాదికోసారి మాత్రమే ఏజెన్సీ కొండలకి వెళ్లేవారికి గార్డు కన్నా ముందు కావలసింది బ్రీదర్ గొట్టం. థార్ నీళ్లలో 650 మి.మీ. వరకూ దిగవచ్చని కంపెనీ చెబుతుంది. 255/65 ఆర్18 టైరు వ్యాసం 789. అంటే యాక్సిల్ నడిమి ఎత్తు 400 కూడా లేదు, అర మీటరు నీటికే డిఫరెన్షియల్ దాదాపు మునిగిపోతుంది. వేడెక్కిన హౌసింగ్ చన్నీళ్లలో ఒక్కసారిగా చల్లబడితే లోపలి గాలి కుంచించుకుని సీళ్లలోంచి నీటిని లాక్కుంటుంది. హౌసింగ్ గాలి తీసుకునే ఆ బ్రీదర్ గొట్టం చివర ఎక్కడుందో వెతికి, అది నీటి మట్టానికి పైన లేకపోతే పొడిగించి బాడీకి కట్టించండి. వరద నీటిలో దిగి వచ్చాక లెవెల్ ప్లగ్గు విప్పి వేలు పెట్టి చూడండి. ఆయిల్ పాలు కలిసినట్టు తెల్లగా కనిపిస్తే ఇంకో కిలోమీటరు కూడా నడపకుండా మార్పించండి.