కొత్త మోటారు – మొదటి పది గంటలు

మన వసతి గృహంలో చదువుకున్నవారిలో సముద్రపు ఒడ్డు ఊళ్ల పిల్లలు కూడా ఉన్నారు. శ్రీకాకుళం జిల్లాలో భావనపాడు, కళింగపట్నం, బుడగట్లపాలెం, విజయనగరం జిల్లాలో చింతపల్లి, ముక్కాం... ఏ ఊరి ఒడ్డుకు వెళ్లినా ఇసుక మీద ఫైబర్ పడవలు, వాటి వెనుక మోటార్లు కనిపిస్తాయి. మన తాతలు తెప్ప మీద తెడ్డు, తెరచాపలతో వేటకు వెళ్లారు. ఇప్పుడు చాలా ఇళ్లలో అన్నిటికంటే ఖరీదైన వస్తువు ఆ మోటారే. దాని గురించి మాత్రం మన పుస్తకాల్లో ఎక్కడా పాఠం లేదు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

ముందుగా మా ఇంటి సంగతి. 2016లో మేము తొమ్మిదో తరగతి. వేట నిషేధం ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 రోజులు. నిషేధం తీరేనాటికి సిద్ధంగా ఉండాలని మా నాన్న, చిన్నాన్న అప్పు చేసి కొత్త టూ స్ట్రోక్ మోటారు కొన్నారు. జూన్ 15 తెల్లవారుజామున పడవ దించారు. అందరికంటే ముందు వెళ్లాలని మొదటి రోజే ఫుల్ స్పీడులో తోలారు. నాలుగో రోజు ఒడ్డు కనబడని చోట మోటారు పట్టేసింది. తాడు లాగితే కదల్లేదు. సాయంత్రానికి వేరే పడవవాళ్లు మోకు కట్టి లాక్కొచ్చారు. ప్రాణాలతో వచ్చారు, అదే పదివేలు అంది మా నాయనమ్మ.

కానీ మోటారుకు బోరు, పిస్టన్, రింగులు అన్నీ మార్చాల్సి వచ్చింది. ఆ సీజను పోయింది, అప్పు మీద అప్పు అయింది. మా అన్నయ్య ఇంటర్ మానేసి గుజరాత్‌లోని వెరావల్‌కు బోటు పనికి వెళ్లాడు. ఈనాడు మా ఇంట్లో మొదటి డిగ్రీ మాది. అన్నయ్య చదువు సాగి ఉంటే ఆ మాట వాడికి దక్కేది.

దసరా సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు అటక మీద మోటారు పెట్టె చూశాం. అందులో ప్లాస్టిక్ కవరు చింపని పుస్తకం ఉంది. ఇంగ్లీషులో ఉంది. "ఏటి రాసుందిరా అందులో?" అని నాన్న అడిగాడు. కూడబలుక్కుంటూ చదివి చెప్పాం. నాన్న చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నువ్వు హాస్టల్లో ఉన్నావు. ఇంట్లో ఎవులు సదువుతారు?" అన్నాడు. ఆ మాట మాకు ఇప్పటికీ గుర్తే.

ఆయిల్ ఎందుకు కలపాలి?

కారు, ఇప్పటి బైకుల ఇంజిన్ ఫోర్ స్ట్రోక్. దాని అడుగున ఆయిల్ విడిగా ఉండి, తిరుగుతూ భాగాలను తడుపుతుంది. టూ స్ట్రోక్ ఇంజిన్‌లో అలా ఉండదు. పెట్రోలు, గాలి కలిసిన ఆవిరి ముందు క్రాంక్ ఉండే గదిలోకి వచ్చి, అక్కడి నుండి సిలిండర్‌లోకి పోతుంది. ఆ పెట్రోలులో కలిసిన ఆయిలే దారిలో బేరింగులను, పిస్టన్‌ను, రింగులను తడిపి చివరికి కాలిపోతుంది. అంటే ప్రతి నిమిషం కొత్త ఆయిల్ రావాలి. అది తగ్గితే అల్యూమినియం పిస్టన్ వేడెక్కి, సిలిండర్ కంటే ఎక్కువ వ్యాకోచించి, గోడకు రాసుకుని అతుక్కుపోతుంది. "పట్టేసింది" అని మనవాళ్లు అనేది దీన్నే.

ఏ ఆయిల్ కొనాలి?

మా వాళ్లు స్కూటరుకు పోసే టూ టీ ఆయిల్ పోశారు. చౌక అని, టూ స్ట్రోక్‌కు టూ టీయే కదా అని. ఇక్కడ తేడా ఉంది. స్కూటరు ఇంజిన్ గాలితో చల్లబడుతుంది, బాగా వేడిగా ఉంటుంది. ఆ వేడికి తట్టుకోవడానికి దాని ఆయిల్‌లో లోహపు మందులు కొద్దిగా కలుపుతారు. అవి కాలితే బూడిద మిగులుతుంది. పడవ మోటారు సముద్రపు నీటితో చల్లబడుతుంది, గంటల తరబడి ఒకే బరువు మీద నడుస్తుంది. ఆ బూడిద ప్లగ్గు మీద, పిస్టన్ తల మీద పేరుకుని ప్రమాదం తెస్తుంది. అందుకని పడవ మోటారుకు బూడిద మిగలని ఆయిల్ వాడాలి. డబ్బా మీద "టీసీ-డబ్ల్యూ3" అనే ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయో లేదో చూడండి. అందులో డబ్ల్యూ అనగా నీటితో చల్లబడేది అని అర్థం. లారీ, కారు ఇంజిన్ ఆయిల్ అసలు కలపకూడదు. అది కాలడానికి చేసిన ఆయిల్ కాదు.

ఎంత కలపాలి?

ఇది ఏడో తరగతి నిష్పత్తి లెక్క. 50:1 అంటే 50 పాళ్ల పెట్రోలుకు 1 పాలు ఆయిల్, అనగా లీటరుకు 20 మిల్లీలీటర్లు. 25:1 అంటే లీటరుకు 40. చాలా మోటార్లకు కొత్తలో 25:1, తర్వాత 50:1 అని రాసి ఉంటుంది. కిరోసిన్ మోటార్లకు, కొన్ని మోడళ్లకు లెక్క వేరు. కనుక మీ మోటారు పుస్తకంలో ఉన్నదే ఆఖరి మాట.

మన ఊళ్లలో కొలత సీసా అంటే క్వార్టర్ సీసాయే. అది 180 మిల్లీలీటర్లు. తొమ్మిది లీటర్లకు ఒక సీసా పోస్తే సరిగ్గా 50:1, రెండు పోస్తే 25:1. మా వాళ్లు ఇరవై లీటర్లకు ఒక్క సీసా పోశారు. లెక్క వేస్తే 111:1. కొత్త మోటారుకు కావలసిన దానిలో పావు వంతు కూడా కాదు.

మరి ఎక్కువ పోస్తే మంచిదా? కాదు. పొగ పెరుగుతుంది, ప్లగ్గు తడిసి నల్లబడుతుంది, మసి పట్టి రింగులు ఇరుక్కుపోతాయి. కలిపేటప్పుడు ముందు సగం పెట్రోలు, తర్వాత ఆయిల్ పోసి బాగా కుదపాలి. ఆపైన మిగిలిన పెట్రోలు పోసి మళ్లీ కుదపాలి.

మొదటి పది గంటలు

కొత్త సిలిండర్ గోడ మీద సన్నని గీతలు ఉంటాయి. రింగులు ఆ గోడకు మెల్లగా రాసుకుని కుదురుకోవాలి. కొత్త చెప్పులు కాలికి అలవాటు పడినట్టే. మోటారు పుస్తకాల్లో మామూలుగా ఇచ్చే పద్ధతి ఇది:

1. మొదటి 10 నిమిషాలు: వీలైనంత తక్కువ స్పీడు.
2. తర్వాత 50 నిమిషాలు: సగం స్పీడు దాటకూడదు. మధ్యమధ్యలో కొంచెం పెంచుతూ, తగ్గిస్తూ ఉండాలి.
3. రెండో గంట: ముప్పావు స్పీడు వరకు. ఒక్క నిమిషం ఫుల్ ఇచ్చి, మళ్లీ 10 నిమిషాలు తగ్గించి చల్లారనివ్వాలి.
4. మూడో గంట నుండి పదో గంట వరకు: ఫుల్ స్పీడు ఒకేసారి 5 నిమిషాలకు మించకూడదు.

ఇదంతా నీటిలోనే చేయాలి. ఇసుక మీద నీళ్లు లేకుండా స్టార్ట్ చేస్తే నీళ్ల పంపులోని రబ్బరు రెక్కలు చూస్తుండగానే పాడవుతాయి. మోటారు పక్కనుండి సన్నని నీటి ధార పడుతోందో లేదో ఎప్పుడూ గమనించండి. ధార ఆగితే వెంటనే మోటారు ఆపాలి. మొదటి రోజుల్లో ఒడ్డుకు దగ్గరగా, ఇంకో పడవ తోడుగా తిరగండి. తెడ్డు మరవకండి. వేట నుండి వచ్చాక మంచినీళ్లతో లోపలి ఉప్పు కడగండి.

పది గంటలంటే రెండు మూడు వేటలు. ఆ ఓపిక లేక మా ఇంట్లో మూడేళ్లు అప్పు తీర్చాం. తప్పు మా నాన్నది కాదు. సముద్రం మీద గాలిని, నీటి రంగును చదివే మనిషి ఆయన. ఆ పుస్తకం మాత్రం ఆయన భాషలో లేదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఈసారి సెలవులకు వెళ్లినప్పుడు ఇంట్లో కొత్త మోటారు గానీ, స్ప్రేయరు గానీ, పంపు సెట్టు గానీ ఉంటే పెట్టెలోని పుస్తకం తీయండి. రాని మాటలకు డిక్షనరీ చూడండి. అమ్మానాన్నల పక్కన కూర్చుని తెలుగులో చదివి చెప్పండి. మనకు చదువు వచ్చాక ఇంటికి చేయగల మొదటి సాయం అదే. దానికి డిగ్రీ దాకా ఆగనక్కర్లేదు, తొమ్మిదో తరగతి చాలు.