చెవులతో మాటాడు బొమ్మలు

ఎద్దును కొనబోయిన కరీంనగరము రైతు దాని పండ్లను లెక్కించినంత శ్రద్ధగా చెవులను గూడ పరికించును. అవి వ్రేలాడుచున్నచో ఒంటిలో నలత గలదనియు, చిన్న సవ్వడికే చురుకుగా తిరిగినచో పశువు హుషారుగా నున్నదనియు గ్రహించును. మానవుని చెవికి మూడు కండరములు మిగిలియున్నను అవి దాదాపు నిరర్థకములు. కావుననే మనము మోమున నవ్వు పులుముకొని లోని భయమును దాచగలుగుచున్నాము. జంతువునకు ఆ వెసులుబాటు లేదు. యానిమేషన్ చిత్రకారుడు పట్టుకొన్న కిటుకు ఇదియే: నోరు నవ్వుచుండగా చెవులు వెనుకకు వాలెనా, ఆ నవ్వు బూటకమని పసివాడును ఇట్టే కనిపెట్టును.

మెత్తని పొనికి కర్రను చెక్కి, చింతగింజల జిగురులో రంపపుపొట్టు కలిపి అవయవముల నతికి, రంగులు దిద్దు నిర్మల్ బొమ్మల కళాకారులగు నకాషీలకు జింక చెవులు నిక్కియుండవలెనా, వాలియుండవలెనా యన్నది ఒక్కమారే తేల్చుకొనవలసిన విషయము. తేలిన పిమ్మట ఆ జింక ఎల్లకాలము ఆ క్షణముననే నిలిచియుండును. తెరబొమ్మకన్ననో సెకనుకు 24 చిత్రములు. తల గిరుక్కున తిరిగినపుడు చెవి మొదలు తలతోడనే పోవును. కొన మాత్రము రెండు మూడు చిత్రములు వెనుకబడి, తల ఆగిన తరువాత గూడ కొంత ముందునకు ఊగి, అటుపై కుదుటపడును. ఈ ఆలస్యము వలననే దానికి బరువును మెత్తదనమును కలిగినట్లు మనకు తోచును. అట్లుగాక చెవియే తలకంటె ముందు కదలినచో, అది బరువు చేష్ట కాదు, మనసు చేష్ట. ఏదో వినబడినది, అనుమానము పుట్టినది. ఇప్పటి టీవీ బొమ్మలలో చెవులు ఊరక ఊగులాడుచుండుట చూచినపుడు, ఈ భేదమును మరచిరేమో యనిపించును.

1941 నాటి డిస్నీ 'డంబో'లో ఏనుగుపిల్ల ఒక్క పలుకైన పలుకదు. నేలకు జీరాడి కాళ్లకడ్డుపడిన చెవులే దానికి అవమానమును, రెక్కలును అయినవి. 2012లో వచ్చిన 'లైఫ్ ఆఫ్ పై'లోని పులి చాలవరకు కంప్యూటరు సృష్టి. ఆ సృష్టిలో రిథమ్ అండ్ హ్యూస్ అను విజువల్ ఎఫెక్ట్స్ సంస్థ వారి హైదరాబాదు శాఖకును పాలుండెను. పులి చెవుల వెనుక తెల్లని మచ్చలుండును. కోపించినపుడు చెవులు మెలితిరిగి ఆ మచ్చలు ఎదుటివారికి కనబడును. ఈ మచ్చలను తెరపై చూచుటయే క్షేమకరము.

అదే 2012లో రాజమౌళి చిత్రము 'ఈగ' వచ్చినది. అందు నాయకుడైన ఈగకు చెవులు లేవు, కనురెప్పలు లేవు, మాట లేదు. ఆ నాయకుని కోపమును ప్రేమను చూపు భారమంతయు చిత్రకారులు ముంగాళ్లకును తల వంపునకును అప్పగింపవలసివచ్చెను.