నీరు రాకముందు

కంబం లోయ పొలాలకు 1895 నుంచి పెరియారు నీరు అందుతున్నది. ఆ ఆనకట్ట వెనుక అడవి మునిగింది. మునిగిన చెట్ల మోళ్లు జలాశయంలో నేటికీ కనబడతాయి. కృష్ణానదిపై నాగార్జునసాగరం కట్టదలచినప్పుడు మాత్రం మునగవలసింది ఒక పాత రాజధాని. అది ఇక్ష్వాకుల విజయపురి. మూడు వైపుల కొండలు, నాలుగో వైపు కృష్ణ గల లోయలో క్రీ.శ. 3వ శతాబ్దంలో ఆ నగరం వర్ధిల్లింది.

ఆనకట్టకు 1955లో శంకుస్థాపన జరిగింది. అంతకు ముందే, 1954లో, పురావస్తు శాఖవారు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో తవ్వకాలు మొదలుపెట్టారు. అవి 1960 వరకు సాగాయి.

లోయనంతా తవ్వడం సాధ్యమా? కాదు. ఇలాంటి చోట్ల మొదట పరీక్ష కందకాలు తీస్తారు. అవి ఇరుకుగా ఉంటాయి. నిటారుగా చెక్కిన వాటి గోడలలో మట్టి పొరలు రంగు తేడాతో కనబడతాయి. సాధారణంగా అడుగు పొర పాతది. కొండవాలున మాత్రం జాగ్రత్త కావాలి. వాన నీరు పైమట్టిని కిందికి తెస్తుంది. కొండ దిగువన దొరికిన కుండపెంకు పైన నివసించినవారిది కావచ్చు. అందువల్ల వాలు వెంట పైనుంచి కిందికి కందకం తీసి పొరలను పోల్చి చూస్తారు. ఏ పొర పెంకులను ఆ పొర సంచిలోనే వేస్తారు. ఒకసారి తవ్విన పొరను మళ్లీ పేర్చడం ఎవరి తరమూ కాదు.

విజయపురి లోయలో రాతియుగపు పనిముట్లు మొదలుకొని బౌద్ధ విహారాలు, మెట్ల వరుసలు గల రంగస్థలం వరకు ఎన్నో బయటపడ్డాయి. ముఖ్యమైన కట్టడాలు కొన్నింటిని విప్పి, కొండపైకి చేర్చి తిరిగి నిలిపారు. ఆ కొండ ఇప్పుడు ద్వీపం. అక్కడి ప్రదర్శనశాలను చూడాలంటే లాంచీలో వెళ్లాలి. తవ్విన నేల నీటి అడుగున ఉంది. దానిని గురించి తెలుసుకోవడానికి ఆనాడు గీసిన పటాలు, రాసిన కొలతలే ఆధారం.