మనోవిజ్ఞాన పరీక్ష: సన్నద్ధత, సమాధాన రచన

కోపం, మరపు, భయం, అభిమానం - ఇవి ఎవరికీ కొత్తవి కావు. మనోవిజ్ఞాన శాస్త్రం చర్చించే విషయాలు ఇవే కావడంవల్ల అది సులభసాధ్యమైన పాఠ్యాంశమన్న అభిప్రాయం విద్యార్థుల్లో తరచుగా కనిపిస్తుంది. కేంద్రీయ మాధ్యమిక విద్యామండలి 11, 12 తరగతుల్లో ఐచ్ఛికాంశంగా అందిస్తున్న ఈ శాస్త్రాన్ని ఎన్నుకొనేవారిలో కొందరు, దీనికి గణితంలో వలె సాధన గాని, రసాయన శాస్త్రంలో వలె సూత్రాల ధారణ గాని అక్కరలేదని తలుస్తారు. పరీక్షా మందిరంలో ఆ తలపు నిలవదు. భయపడడం అందరికీ తెలుసు. భయం ఎలా కలుగుతుందో, ఏ దశల్లో పెరుగుతుందో, ఏ సిద్ధాంతం దాన్ని ఎలా వివరించిందో పరిభాషతో చెప్పగలగడం వేరు. పరీక్షకుడు కోరేది ఈ రెండవదానినే.

ఈ శాస్త్రానికి మరొక విశేషముంది. దీన్ని ఎలా చదవాలో తెలిపే అధ్యాయం దీనిలోనే ఉంది. 11వ తరగతి పాఠ్యపుస్తకంలోని స్మృతి అధ్యాయాన్ని మార్కుల కోసం చదివి, తన చదువుకు మాత్రం అన్వయించుకోని విద్యార్థి దీపం చేతపట్టుకొని చీకట్లో నడిచినవాడవుతాడు.

జర్మనీ దేశీయుడైన హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ 1885లో ప్రకటించిన గ్రంథంలో తనమీద తానే చేసుకొన్న ప్రయోగాలను వివరించాడు. అర్థంలేని చిన్న చిన్న పదాల పట్టికను తప్పులేకుండా అప్పజెప్పగలిగేవరకు వల్లెవేయడం, కొంత విరామం తరువాత అదే పట్టికను మళ్ళీ నేర్చుకోవడం, రెండవసారి ఎంత శ్రమ ఆదా అయిందో లెక్కించడం ఆయన అనుసరించిన పద్ధతి. 20 నిమిషాల తరువాత ఆ ఆదా సుమారు 58 శాతం. ఒక రోజు తరువాత 34 శాతం. 31 రోజుల తరువాత 21 శాతం. అంటే మరపు మొదటి గంటల్లోనే వేగంగా సాగి, తరువాత మందగిస్తుంది. అర్థవంతమైన పాఠం ఇంత త్వరగా చెదరిపోకపోవచ్చు. కాని చదివిన మరునాడే ఒకసారి దాన్ని తడిమి చూసుకోవడం ఎందుకు అవసరమో ఈ అంకెలు చెబుతున్నాయి.

తడిమి చూసుకోవడం అంటే మళ్ళీ చదవడమేనా? ఎక్కువమంది అలాగే అనుకొంటారు. 2006లో అమెరికా శాస్త్రవేత్తలు హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ ఈ ప్రశ్నను పరీక్షించారు. కళాశాల విద్యార్థులు ఒక గద్యభాగాన్ని చదివిన తరువాత, కొన్ని భాగాలను రెండవసారి చదివారు. మరికొన్నింటిని చూడకుండా, గుర్తున్నంతవరకు కాగితంమీద రాశారు. అయిదు నిమిషాల తరువాత పరీక్షిస్తే మళ్ళీ చదివిన పాఠమే మెరుగుగా గుర్తుంది: 81 శాతం, 75 శాతం. వారం గడిచాక ఫలితం తారుమారైంది. మళ్ళీ చదివినదానిలో 42 శాతమే మిగలగా, చూడకుండా రాసినదానిలో 56 శాతం నిలిచింది. పుటలు పదేపదే తిరగవేస్తున్నప్పుడు పాఠం పరిచితంగా తోస్తుంది. ఆ పరిచయాన్నే విద్యార్థి జ్ఞానమని భ్రమిస్తాడు. పరీక్ష రోజున పుస్తకం ఎదుట ఉండదు కదా!

తెలుగువారి అవధాన ప్రక్రియలో ఈ రహస్యం ఎంతోకాలంగా ఆచరణలో ఉంది. అవధాని ఒక పద్యాన్ని ఒక్కసారే పూర్తిచేయడు. ఒక్కొక్క ఆవృత్తంలో ఒక్కొక్క పాదం చెబుతూ, నడుమ అప్రస్తుత ప్రసంగం వంటి అంతరాయాలను దాటుకొంటూ, మళ్ళీ ఆ పద్యం దగ్గరకు వచ్చిన ప్రతిసారీ వెనుకటి పాదాలను కాగితం లేకుండానే మనసులోకి తెచ్చుకోవాలి. చివర జరిగే ధారణకు కావలసిన సాధన ఆ ప్రక్రియ నిర్మాణంలోనే ఇమిడి ఉంది.

కాబట్టి ఒక అధ్యాయం పూర్తికాగానే పుస్తకం మూసి, ప్రధాన భావనలను, వాటిని ప్రతిపాదించినవారి పేర్లను, ఒక్కొక్కదానికి ఒక స్వంత ఉదాహరణను రాసుకోవడం మేలు. స్వంత ఉదాహరణ కల్పించలేని భావన ఇంకా అర్థం కానట్లే. ఒకదానినొకటి పోలిన పదాలను జంటలుగా సాధన చేయాలి. రుణాత్మక పునర్బలనం, దండన అనేవి అటువంటి జంట. ఇక్కడ పొరపడేవారు చాలామంది. తలనొప్పికి మాత్ర వేసుకోగా బాధ తగ్గితే, మరొకసారి నొప్పి వచ్చినప్పుడు చెయ్యి ఆ మాత్రవైపే సాగుతుంది. బాధాకరమైనది తొలగడంవల్ల ప్రవర్తన బలపడింది. ఇది రుణాత్మక పునర్బలనం. దండన ప్రవర్తనను బలహీనపరుస్తుంది. 'రుణాత్మక' అన్న మాటను చూసి రెండింటినీ ఒకటిగా రాసినవారికి మార్కులు దక్కవు.

ఇక సమాధాన రచన. ఇటీవలి 12వ తరగతి ప్రశ్నపత్రాలలో రాత పరీక్షకు 70 మార్కులు, ప్రయోగ పరీక్షకు 30 మార్కులు ఉన్నాయి. 2 మార్కుల ప్రశ్నకు 30 పదాలు, 6 మార్కుల ప్రశ్నకు 200 పదాలు పరిమితి. 'నిర్వచించండి' అన్నచోట కథ చెప్పనవసరం లేదు. 'భేదాలు తెలపండి' అన్నచోట రెండు నిర్వచనాలను పక్కపక్కన పెడితే చాలదు. అసలైన కష్టం సన్నివేశాన్ని ఇచ్చి అడిగే ప్రశ్నలలో ఉంది.

ఒక సన్నివేశాన్ని ఊహించవచ్చు. ఇద్దరు స్నేహితురాళ్ళకు మరునాడు పరీక్ష. ఇద్దరికీ రెండు అధ్యాయాలు మిగిలి ఉన్నాయి. ఒకతె నిద్రపట్టక ఏడుస్తోంది. రెండవ ఆమె ముఖ్యాంశాల పట్టిక వేసుకొని, తెలియని భాగాన్ని అక్కను అడిగి చెప్పించుకొంటోంది. ఒకే పరిస్థితికి ఇద్దరూ వేర్వేరుగా స్పందించడానికి కారణమేమిటని ప్రశ్న. 'ఒకరు పిరికిది, మరొకరు ధైర్యవంతురాలు' అని రాస్తే అది లోకాభిప్రాయం మాత్రమే. పైగా ఉన్న విషయానికే మరో పేరు పెట్టడం. మంచి సమాధానం రిచర్డ్ లాజరస్ ఒత్తిడి సిద్ధాంతాన్ని పేర్కొంటుంది. ఆయన ప్రకారం ఒత్తిడి సంఘటనలో కాక, సంఘటనను వ్యక్తి అంచనా వేసే తీరులో ఉంది. ప్రాథమిక అంచనాలో మొదటి బాలికకు పరీక్ష ముప్పుగా తోచింది. రెండవ బాలికకు సవాలుగా కనిపించింది. ద్వితీయ అంచనాలో, అంటే తనవద్ద ఉన్న వనరులు చాలునా అని చూసుకొనేటప్పుడు, మొదటి బాలిక చాలవనుకొంది. రెండవ ఆమె తన సమయాన్ని, అక్క సహాయాన్ని వనరులుగా గుర్తించింది. సిద్ధాంతంలోని ప్రతి మాటకు సన్నివేశంలోని ఒక వివరం ఇలా జతపడాలి. సిద్ధాంతాన్ని మాత్రమే రాసి సన్నివేశాన్ని వదిలేసిన సమాధానమూ అసంపూర్ణమే. ఎంతో చదివినవారు సైతం ఇక్కడే నష్టపోతారు.

పరీక్షకు ముందు గుండె దడదడలాడే విద్యార్థికి ఈ పాఠం వేరొక విధంగానూ ఉపకరిస్తుంది. తన భయంలో ఎంత భాగం నిజమైన కొరతవల్ల కలిగిందో, ఎంత భాగం అంచనావల్ల కలిగిందో విడదీసి చూసుకోవచ్చు. అయితే మానసిక రుగ్మతల అధ్యాయం చదివేటప్పుడు లక్షణాలను తనమీద, ఇంటివారిమీద ఆరోపించుకొనే అలవాటు కొందరికి కలుగుతుంది. ఒకటి రెండు లక్షణాలు రుగ్మత కావు. అవి ఎంతకాలంగా ఉన్నాయో, దైనందిన జీవితానికి ఎంత అడ్డువస్తున్నాయో చూడవలసినవాడు నిపుణుడు. నిద్ర, ఆహారం వారాల తరబడి చెడితే పుస్తకంలో పేరు వెదకక, పెద్దలకు చెప్పి వైద్యుని సంప్రదించాలి.

ప్రయోగ పరీక్షలోనూ ఈ వివేచన అవసరం. ఆందోళనను గాని, వ్యక్తిత్వాన్ని గాని కొలిచే పరీక్షను విద్యార్థి మరొక వ్యక్తిపై నిర్వహించి నివేదిక రాస్తాడు. సూచనలను అందరికీ ఒకే మాటల్లో చదివి వినిపించాలి. వచ్చిన అంకెను నిర్దేశిత ప్రమాణాలతో పోల్చిన తరువాతే అర్థం చెప్పాలి. నివేదికలో ఆ వ్యక్తి పేరు ఉండకూడదు. ఫలితాన్ని తరగతిలో చెప్పుకోకూడదు. పేరు ఎందుకు రాయలేదని మౌఖిక పరీక్షలో అడిగినప్పుడు కొందరు తడబడతారు. తన ఫలితం రహస్యంగా ఉంటుందని నమ్మినందువల్లనే ఆ వ్యక్తి నిజాయితీగా జవాబులిచ్చాడన్నది అక్కడ చెప్పవలసిన సమాధానం.